అడక్కుండా ఇచ్చిన వీడ్కోలు

తను ఐస్ హాకీ మానేస్తున్నట్టు హాంపుస్ నోర్‌లిండ్‌కి మంగళవారం పొద్దున కిరాణా కొట్లో, పెరుగు డబ్బాల అర ముందు తెలిసింది.

చెప్పింది గున్‌వోర్ అనే డెబ్భై ఎనిమిదేళ్ళ ఆవిడ. చేతిలో బుట్ట కింద పెట్టి, అతని ముంజేయి రెండు చేతులతో పట్టుకుంది. చలిదేశపు ఉత్తరాన ఉన్న మా గ్రాన్‌ఫోర్స్‌లో ఎవరూ ఎవర్నీ ఊరికే ముట్టుకోరు. అందుకే ఏదో చావు కబురు చెప్పబోతోందనుకున్నాడు హాంపుస్.

"ఇన్నేళ్ళూ మా కోసం ఎన్ని దెబ్బలు తిన్నావు బాబూ. ఇక చాల్లే, విశ్రాంతి తీసుకో. శుక్రవారం మనవరాలిని కూడా తీసుకొస్తున్నా. టికెట్లు కూడా కొనేశాను."

"శుక్రవారం ఏముందత్తా? మామూలు మ్యాచే కదా."

"చూడు, ఎంత మొహమాటమో! నీ వీడ్కోలు సభ పెట్టుకుని నన్నడుగుతాడు." ఆవిడ కళ్ళు తుడుచుకుని జున్ను అర వైపు వెళ్ళిపోయింది.

హాంపుస్ జేబులోంచి ఫోన్ తీశాడు. క్లబ్బు పేజీలో పైనే అతని ఫోటో, రంగులన్నీ తీసేసి నలుపు తెలుపులో. కింద: 'గ్రాన్‌ఫోర్స్ గుండె స్కేట్లు విప్పుతోంది. పదహారు సీజన్ల తర్వాత మన హాంపుస్, మనందరి నోలే, ఆటకు స్వస్తి చెబుతున్నాడు. శుక్రవారం మ్యాచ్‌కి ముందు అతనికి మనసారా కృతజ్ఞతలు చెప్పుకుందాం.' అంతటితో ఆగినా బాగుండేది. దాని కింద, అతని పేరుతో, అతని మాటలు: 'సమయం వచ్చిందనిపించింది. ఇక కుటుంబంతో గడపాలి. ఈ క్లబ్బుకి నేనెప్పుడూ రుణపడి ఉంటాను.'

ఆ మాటలు అతను ఎవరితోనూ అనలేదు. మనసులో కూడా అనుకోలేదు. ఎవరో కూర్చుని, ఆలోచించి, అతని తరఫున రాశారు. చక్కగా రాశారు కూడా. అదే ఎక్కువ మండింది అతనికి.

బుట్ట అక్కడే వదిలేసి బయటికి నడిచాడు.

*

ఆటల మేనేజరు స్టెఫాన్ వాల్‌గ్రేన్ గది రింక్‌కి పైనుంటుంది. కిటికీలోంచి కిందకి చూస్తే ఐసంతా కనిపిస్తుంది. ఎవరు మొదట వచ్చారు, ఎవరు కుంటుతున్నారు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, అన్నీ. ఆ రోజు ఏడాదికోసారి ఊరంతా క్రీము బన్నులు తినే పండగ మంగళవారం. వాల్‌గ్రేన్ బల్ల మీద రెండు బన్నులున్నాయి. రెండోది ఎవరికోసమో హాంపుస్‌కి అప్పుడే అర్థమైంది. వస్తాడని తెలుసన్నమాట.

"కూర్చో నోలే. తిను, తాజాగా ఉంది. బాదం ముద్ద బాగా వేశారు."

"నేనెప్పుడు చెప్పాను స్టెఫాన్?"

"ఏం చెప్పడం?"

"మానేస్తున్నానని."

వాల్‌గ్రేన్ బన్ను మీద మూతలా ఉన్న ముక్క తీసి దాంతో క్రీము ముంచుకున్నాడు. తొందరేం లేదు. "నీకు ముప్పయ్యైదు. మోకాలు సంగతి నీకే బాగా తెలుసు. వచ్చే ఏడాదికి కాంట్రాక్టు లేదన్న విషయం..."

"లేదని ఎవరు చెప్పారు నాకు? మార్చిలో మాట్లాడుకుందామన్నావు."

"ఇది మార్చే కదా."

హాంపుస్ నిలబడే ఉన్నాడు. అతని చేతులు పెద్దవి, వేళ్ళు రెండు మూడుసార్లు విరిగి అతుక్కున్నవి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీ వీపు మీద పెట్టాడు.

"సరే. కాంట్రాక్టు ఇవ్వవు. అది నీ ఇష్టం, నేను కాదనను. వెళ్ళి ఇంకోచోట ఆడుకుంటాను. మానేశానని రాయడమేంటి? నా నోట్లో మాటలు పెట్టడమేంటి?"

"నీ మంచికే అంతా. 'క్లబ్బు వదిలించుకుంది' అని పేపర్లో వస్తే నీకు బాగుంటుందా? నీ పిల్లకి బాగుంటుందా? ఇదైతే తలెత్తుకుని, రాజులా వెళ్తావు. పూలు, ఫ్రేము కట్టిన చొక్కా, ఎర్ర కార్పెట్, నాలుగు వేలమంది లేచి నిలబడి చప్పట్లు. ఎంతమందికి దక్కుతుంది?"

"బ్యోర్కో క్లబ్బు వాళ్ళు నాతో మాట్లాడుతున్నారు. రెండు వారాలైంది."

"అలాగా? నాకు తెలీదే" అన్నాడు వాల్‌గ్రేన్. చాలా త్వరగా అన్నాడు. మూతి మీద క్రీము తుడుచుకోవడానికి మాత్రం చాలాసేపు పట్టింది. తర్వాత గొంతు ఇంకా మెత్తబడింది. "ఆగస్టులో జూనియర్లకి నేర్పించే పని ఒకటి ఖాళీ అవుతుంది. నీ పేరే మా మనసులో ఉంది. గొడవలు పెట్టుకునే మనిషైతే బోర్డుని ఒప్పించడం నాకు కష్టం. అంతే, ఇంకేం లేదు. బన్ను తినవా మరి?"

గోరువెచ్చని కత్తితో కోస్తే నొప్పి తెలియదంటారు. మా వాళ్ళు ఆ విద్యలో ఆరితేరారు. అరిచినవాడితో మనిషి తిరిగి అరవొచ్చు, చెయ్యెత్తినవాడి చెయ్యి పట్టుకోవచ్చు. కాఫీ పోసి, బన్ను ముందుకు జరిపి, నీ మంచికే అన్నవాణ్ణి ఏం చేస్తారు? మా ఊళ్ళో గొంతు ముందు ఎవరిది లేస్తే తప్పు వాళ్ళదే. హాంపుస్ గొంతు లేవలేదు. తలుపు కూడా మెల్లగానే వేసి వచ్చాడు. మెట్లు దిగుతూ దానికి తనని తాను తిట్టుకున్నాడు.

కారు దగ్గర, ఇంజను చల్లబడకుండా పెట్టిన కరెంటు తీగ పీకకుండానే బ్యోర్కో కోచ్‌కి ఫోన్ చేశాడు. నది వెంట డెబ్భై కిలోమీటర్ల కింద ఉంటుంది బ్యోర్కో. వాళ్ళకీ మాకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"ఓహో నోలే!" అన్నాడు అవతల హోకన్. "అభినందనలయ్యా! నాకు మొన్న ఆదివారమే తెలిసింది. స్టెఫానే ఫోన్ చేశాడు. నువ్వు నాకు చెప్పడానికి మొహమాటపడుతున్నావట, నీ బదులు తను చెబుతున్నాడట. మంచివాడు. నిన్ననే ఓ ఫిన్లాండు కుర్రాడితో సంతకాలు అయిపోయాయి."

హాంపుస్ ఊపిరి చలికి తెల్లగా పోతూంది. "నేను మానెయ్యలేదు హోకన్."

 అవతల వెనక ఎక్కడో పక్‌లు, ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళలు, చెక్క గోడకి కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

"అయ్యయ్యో. ముందే ఒక్క ముక్క చెప్పొద్దటయ్యా?"

"నాకే ఇందాక తెలిసింది. కిరాణా కొట్లో."

*

బుధవారం ప్రాక్టీసుకి గంట ముందే వచ్చాడు. బెంచీ మీద కూర్చుని కర్రకి టేపు చుట్టడం మొదలుపెట్టాడు. కర్ర వంపు దగ్గర మొదలుపెట్టి కొసకి, ఒక చుట్టు అంచు మీద ఇంకో చుట్టు సగం ఎక్కేలా. పైన మైనం ముద్ద రుద్ది, అరచేత్తో అదిమాడు. మామూలుగా రెండు కర్రలు చేస్తాడు. ఆ రోజు నాలుగు చేశాడు.

ఒక్కొక్కరే వచ్చారు. ఇరవై ఇద్దరు. ప్రతివాడూ భుజం మీద ఒక చరుపు చరిచి వెళ్ళాడు.

"అదృష్టవంతుడివి నోలే, సోమవారాలు నిద్రపోవచ్చు."

"ఇంక మీ ఆవిడ చేతి కింద ఆటే. ఆవిడ కొట్టే పెనాల్టీలు చూసుకో!"

కెప్టెన్ సిక్స్‌టెన్‌కి ఇరవై నాలుగేళ్ళు. హాంపుస్ పక్క బెంచీ అతనిదే, డిఫెన్సులో జంటా అతనే. "అన్నా, ఐసుకి చిల్లు పెట్టుకుని రోజంతా చేపలు పట్టుకో ఇక. నాకు భలే కుళ్ళుగా ఉంది" అన్నాడు. నిజంగా ప్రేమతోనే అన్నాడు.

ఇరవై ఇద్దరిలో ఒక్కడూ 'నీకు ఇష్టమేనా?' అని అడగలేదు. అడగాలని తోచదు. పేజీలో రాశారు, అతని మాటలే వేశారు, కార్పెట్ తెప్పించారు. ఇంకా అడగడానికేముంది?

ఐసు మీద హాంపుస్ ఆ రోజు ఇరవై ఏళ్ళవాడిలా ఆడాడు. ఇరవై ఏళ్ళవాడంత తెలివితక్కువగా కూడా. ప్రాక్టీసులో షాట్‌కి ఎవరూ అడ్డం పడరు. అతను పడ్డాడు. సిక్స్‌టెన్ బలంగా కొట్టిన పక్ ముందు ఒక మోకాలి మీద వాలి, షిన్‌గార్డు అడ్డుపెట్టాడు. పక్ దాని మీంచి జారి చీలమండకి తగిలింది. నల్లటి రబ్బరు బిళ్ళ పిడికెడే ఉంటుంది, తగిలితే ఎముక లోపల గంట కొట్టినట్టుంటుంది. లేచి, ఏమీ అనకుండా వరసలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"శుక్రవారందాకా ఒక్క ముక్కగా ఉండు బాబూ, పూలు పట్టుకోవాలి" అని కోచ్ అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు హాంపుస్‌కి చీలమండ కంటే ఎక్కువ నొప్పెట్టింది.

ప్రాక్టీసయ్యాక స్కేట్లు పట్టుకుని కింద గదికి వెళ్ళాడు. పదును పెట్టే గది అది. అక్కడ యెర్కేర్ ఉంటాడు. నలభై ఆరేళ్ళు, పొడుగు మనిషి, మాట తక్కువ. ఐసు చదునుచేసే బండి నడిపేదీ అతనే, స్కేట్లకి పదును పెట్టేదీ అతనే. తొమ్మిదేళ్ళ కిందటి వరకు ఈ జట్టులోనే పదిహేడో నంబరు వేసుకుని ఆడినవాడు.

యెర్కేర్ అడక్కుండానే స్కేటు అందుకుని, బ్లేడుని పట్టులో బిగించాడు. తిరిగే రాయి అంచుని వజ్రపు మొనతో ఒకసారి గీసి సరిచేశాడు. తర్వాత ఎడమ నుంచి కుడికి, ఒకే బరువుతో, ఆపకుండా లాగాడు. నిప్పురవ్వలు అతని తోలు ఏప్రన్ మీద పడి ఆరిపోతున్నాయి. కాలిన ఇనుము వాసన.

హాంపుస్ స్టూలు మీద కూర్చుని, రెండు రోజులుగా పళ్ళ బిగువున పట్టుకున్నదంతా అక్కడ వెళ్ళగక్కాడు. రాయి చప్పుడు మీద గొంతు పెంచొచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

"నా చేత అనిపించారు యెర్కేర్! 'రుణపడి ఉంటాను'ట! ఎవడు రుణపడ్డాడు ఎవడికి? నా మోకాలు వాళ్ళకి, నా పళ్ళు వాళ్ళకి. అయినా సరే, వద్దంటే వద్దని చెప్పమను, పోతాను. వద్దనకుండా, పొమ్మనకుండా, వీడే పోతానన్నాడని ఊరంతా టముకేశారు! పైగా బ్యోర్కోకి ఫోన్ చేసి ఆ తలుపు కూడా మూశారు. పక్క ఊరి చొక్కా వేసుకుంటానని భయం. నువ్వు చెప్పు, బతికున్న మనిషికి తద్దినం పెట్టడం ఎక్కడైనా విన్నావా?"

యెర్కేర్ రాయి ఆపాడు. 

"విన్నాను."

"ఎక్కడ?"

"ఇక్కడే."

సన్న నూనెరాయి తీసుకుని బ్లేడు పక్కల మీద గరుకు పోయేలా మెల్లగా రుద్దాడు. ఇటు మూడుసార్లు, అటు మూడుసార్లు. బ్లేడు రెండంచుల మీద అడ్డంగా ఒక నాణెం పెట్టి, కంటి ఎత్తుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. నాణెం సమంగా నిలబడింది. అప్పుడు అడిగాడు.

"నాకు పూలు ఎవరు తెచ్చిచ్చారో గుర్తుందా?"

పూలు కెప్టెనే తేవాలి. అది ఆచారం. ఆ ఏడాది కెప్టెన్ ఎవరో హాంపుస్‌కి గుర్తుచేసుకోనక్కర్లేదు.

"నేనే."

"అప్పుడు నేనేమన్నాను?"

 తొమ్మిదేళ్ళలో హాంపుస్ ఒక్కసారి కూడా తలుచుకోని మాట, తలుచుకోగానే మొత్తం వచ్చేసింది. యెర్కేర్ ముఖం, ఆ దీపాలు, సెలోఫేన్ కాగితం చప్పుడు. "'ఇవి ఇంకెవరికైనా ఇవ్వరా, నాకింకా ఆట ఉంది' అన్నావు."

"నువ్వేం చేశావు?"

"నవ్వాను."

"నీ నవ్వు మైకులో వినిపించింది. దాంతో హాలంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. అంతమంది నవ్వుతుంటే ఏం చేస్తాను?"

"జోకనుకున్నాను యెర్కేర్."

"అనుకున్నావు. ఆరేళ్ళు నా పక్క బెంచీ మీద కూర్చున్నావు. ఆరేళ్ళలో నేను ఒక్క జోకైనా వేశానా?"

 ఇందాక బల్లగుద్ది మాట్లాడిన హాంపుస్ ఇప్పుడు తన చేతుల వైపు చూసుకుంటున్నాడు. సిక్స్‌టెన్ తన భుజం చరిచినట్టే, తనూ ఆ రోజు యెర్కేర్ భుజం చరిచాడు. 'హాయిగా ఉండు' అన్నాడు. తర్వాత బెంచీకి వెళ్ళి హెల్మెట్ పెట్టుకున్నాడు. ఆ రాత్రి కడుపునిండా తిని నిద్రపోయాడు.

"అప్పుడు కూడా వాల్‌గ్రేనేనా?" అని అడిగాడు చివరికి, ఎవరి మీదనైనా పెట్టేయొచ్చేమోనని.

"కాదు. అప్పటి మేనేజరు వేరే. మనుషులు మారతారు, కార్పెట్ అదే."

"ఒక్కసారైనా నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడుగుతావని చూశాను." యెర్కేర్ బొటనవేలి గోరుని అంచు మీద అడ్డంగా గీశాడు. తెల్లటి పొడి లేచింది. పదును కుదిరింది. "రెండేళ్ళు చూశాను. ఆ తర్వాత ఈ పని చేతికి పట్టుబడింది. ఇదిగో, నీది. కుడి స్కేటు లోపలి అంచు బాగా అరగదీస్తున్నావు. మోకాలు దాచుకుంటున్నావు కదూ?"

*

గురువారం సాయంత్రం అతని భార్య తూవె కూతురి చొక్కా ఇస్త్రీ చేస్తోంది. తొమ్మిదేళ్ళ సిగ్నె తండ్రి నంబరు, నాలుగు, వీపు మీద ఉన్న చొక్కా. కార్పెట్ మీద నిలబడి ఫోటో దిగడానికి.

"స్టెఫాన్ నాకు మూడు వారాల కిందే ఫోన్ చేశాడు" అంది తూవె. "నీకు చెప్పొద్దు, సర్‌ప్రైజ్ అన్నాడు. నాకనిపించింది, నువ్వు వాళ్ళతో మాట్లాడుకుని నాకు చెప్పకుండా దాచావని. ఒక వారం నీ మీద అలిగాను కూడా. నువ్వు గమనించలేదు."

"గమనించాను. నేను చెత్త బయట పెట్టలేదని అనుకున్నాను."

ఆవిడకి నవ్వొచ్చింది గాని నవ్వలేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "ఒక మాట చెప్పనా? నువ్వు మానేస్తే నాకిష్టమే. నువ్వు మెట్లు దిగుతుంటే ఆ మోకాలి చప్పుడు నాకు వంటింట్లోకి వినిపిస్తుంది. కానీ ఆ మాట నేను నీతో అనాలి, నువ్వు నాతో అనాలి. మధ్యలో ఆ బన్నులవాడెవడు? నీ నోరు వాడికి ఎవరిచ్చారు? నా సంసారం గురించి నీ పేరుతో వాడు రాస్తాడా!" ఆవిడ గొంతు లేచింది. ఆవిడ మా ఊరి మనిషి కాదు, దేశంలో దక్షిణం వైపు నుంచి వచ్చింది. అందుకే అంత ఆరోగ్యంగా కోపం వచ్చింది.

"రేపు ఆ పూలు తీసుకున్నానంటే వాడు రాసిందాని కింద నేను సంతకం పెట్టినట్టే" అన్నాడు హాంపుస్. "ఇంకే క్లబ్బూ పిలవదు. పిలిచినా, ఏడుస్తూ వీడ్కోలు తీసుకుని మళ్ళీ వచ్చాడురా సిగ్గులేనివాడు అంటారు."

"తీసుకోకపోతే?"

"జూనియర్ల పని పోతుంది."

"పోతే పోనీ. నేను నోళ్ళు శుభ్రం చేసే పనిలో ఉన్నాను, ఆ పనికి ఈ ఊళ్ళో కరువు లేదు." పళ్ళ ఆసుపత్రిలో పని ఆవిడది. చొక్కాని మడతపెట్టి అలమారలో పెట్టేసింది. "నేనూ, పిల్లా పైన మా సీట్లలోనే కూర్చుంటాం. కార్పెట్ మీదకి రాం. నాకు అలా నవ్వడం రాదు."

అతను కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "నాకు వాల్‌గ్రేన్ కంటే యెర్కేరే ఎక్కువ గుర్తొస్తున్నాడు" అన్నాడు. "వాల్‌గ్రేన్ తెలిసి చేశాడు. నేను తెలుసుకోకుండా చేశాను. తొమ్మిదేళ్ళు అతని చేత స్కేట్లు పదును పెట్టించుకుంటూ."

తూవె అతన్ని ఓదార్చలేదు. అందుకు ఆవిణ్ణి మెచ్చుకోవాలి.

*

శుక్రవారం హాలు నిండింది. మ్యాచ్‌కి పదిహేను నిమిషాల ముందు దీపాలార్పారు. ఒక్క తెల్లటి వెలుగు ఐసు మధ్య వరకు పరిచిన ఎర్ర కార్పెట్ మీద పడింది. రెండు జట్లూ నీలిగీతల మీద వరసగా నిలబడి కర్రలతో ఐసుని టకటకా కొడుతున్నాయి. ఐసు మీద చప్పట్లంటే అవే. నాలుగు వేలమంది లేచి నిలబడ్డారు.

ఐసు మధ్యన, కార్పెట్ కొసన వాల్‌గ్రేన్ మంచి కోటు వేసుకుని, ఫ్రేము కట్టిన నాలుగో నంబరు చొక్కా చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. తూవె కోసం, పిల్ల కోసం అటూ ఇటూ చూస్తున్నాడు. మైకులో తనే మాట్లాడాడు. గుండె, విధేయత, కుటుంబం, కన్నీళ్ళు. బాగా మాట్లాడాడు. మైకుని పక్కనే స్కేట్లతో నిలబడ్డ హాంపుస్‌కి అందించి, చెవిలో, "రెండు మాటలు చాలు నోలే, టీవీ వాళ్ళకి టైము లేదు" అన్నాడు.

సిక్స్‌టెన్ పసుపు పూలగుత్తితో ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. హాంపుస్ ఆ గుత్తి వైపు చెయ్యి చాచలేదు.

"థాంక్స్" అన్నాడు మైకులో. తన గొంతు పైకప్పుకి కొట్టుకుని తిరిగి రావడం విన్నాడు. "పేజీలో నా పేరుతో రాసిన మాటలు నావి కావు. నేను ఆట మానెయ్యలేదు. మానేస్తావా అని నన్నెవరూ అడగలేదు."

ఎడమవైపు స్టాండులో ఎవరో నవ్వారు. పక్కవాళ్ళూ నవ్వారు. అక్కణ్ణుంచి అది హాలంతా పాకింది. దయగల నవ్వు, ముద్దు చేసే నవ్వు. మన నోలే చివరి రోజు కూడా తమాషా వదల్లేదు చూడు, అన్నట్టు. వాల్‌గ్రేన్ అందరికంటే ముందు తల ఊపి నవ్వాడు, మైకు కోసం చెయ్యి చాచాడు.

హాంపుస్ మైకు ఇవ్వలేదు. నవ్వలేదు. తల వంచుకోలేదు కూడా. నిలబడి ఆగాడు. నాలుగు వేలమంది నవ్వు అయిపోయేదాకా ఒక మనిషి నవ్వకుండా నిలబడటం ఎంతసేపో చూసినవాళ్ళకే తెలుస్తుంది. నేను చూశాను.  ముందు కింది వరసలు ఆగాయి, తర్వాత పైవి.

"తొమ్మిదేళ్ళ కింద ఇక్కడే యెర్కేర్‌కి నేను పూలిచ్చాను" అన్నాడు. "నాకింకా ఆట ఉందని అతను అన్నాడు. నేను నవ్వాను. మీరు కూడా నవ్వారు. అది జోకు కాదు. అతన్ని కూడా ఎవరూ అడగలేదు." మూలనున్న పెద్ద గేటు వైపు తిరిగాడు. అక్కడ ఐసు బండి పక్కన యెర్కేర్ నిలబడి ఉన్నాడు. "యెర్కేర్, నాది తప్పు. నేనడగాల్సింది."

 యెర్కేర్ టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు. అంతే చేశాడు.

సిక్స్‌టెన్ ఇంకా గుత్తి చాచే ఉన్నాడు. చెయ్యి మెల్లగా దిగింది. "నిజంగానా అన్నా?" అన్నాడు, మైకుకి అందనంత చిన్నగా.

"నిజంగానే."

"నేనూ అడగలేదు." ఆ కుర్రాడి ముఖం ఎర్రబడింది. చెవుల దాకా ఎర్రబడింది. ఒక్క క్షణం బెంచీ వైపు, కోచ్ వైపు చూశాడు, ఎవరైనా ఏం చెయ్యాలో చెబుతారేమోనని. ఎవరూ చెప్పలేదు. అప్పుడు రెండు అడుగుల్లో జారుతూ వాల్‌గ్రేన్ దగ్గరికి వెళ్ళి, పూలగుత్తి అతని చేతుల్లో పెట్టాడు. పెట్టి, వెనక్కి వచ్చి తన గీత మీద నిలబడ్డాడు. కర్రతో ఐసుని కొట్టలేదు. అతన్ని చూసి పక్కవాడు కర్ర ఆపి నిటారుగా పట్టుకున్నాడు, అతన్ని చూసి ఇంకొకడు. అవతలి జట్టువాళ్ళకేమీ అర్థం కాకపోయినా వాళ్ళూ అలాగే నిలబడ్డారు.

వాల్‌గ్రేన్ ఏదో అనబోయాడు. మైకు హాంపుస్ చేతిలోనే ఉంది. అంతలో వెనకనుంచి ఎవరో మామూలు గొంతుతో పలికారు. యెర్కేర్ వచ్చి కార్పెట్ కొస దగ్గర వంగి ఉన్నాడు.

"స్టెఫాన్, జరుగు. కార్పెట్ చుట్టాలి. మ్యాచ్ ఉంది."

చుట్టడం మొదలుపెట్టాడు కూడా. ఐసు మధ్య నుంచి గేటు వైపు. బిగువుగా, అంచులు సమంగా వచ్చేలా, అలవాటైన చేతులతో. వెనక కార్పెట్ చుట్టుకుపోతూ వస్తుంటే వాల్‌గ్రేన్ ముందుకి నడవక తప్పలేదు. ఆగితే నున్నటి బూట్లతో ఒట్టి ఐసు మీద నిలబడాలి. ఒక చంకలో చొక్కా, రెండో చేతిలో ఛాతీ నిండా పసుపు పూలు, వాటి చుట్టూ సెలోఫేన్ కరకర. తెల్లటి వెలుగు నడిపేవాడికి ఏం చెయ్యాలో తోచక, అది కూడా అతనితోపాటే కదిలింది.

పై వరసలో ఎవరో, అలవాటు కొద్దీ కాబోలు, చప్పట్లు మొదలుపెట్టారు. పూలు పట్టుకుని కార్పెట్ మీద వెళ్ళిపోయే మనిషికి చప్పట్లు కొట్టడం మాకు చిన్నప్పటినుంచీ నేర్పారు. పక్కవాళ్ళు అందుకున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నాలుగు వేలమంది నిలబడి, ఎంతో మర్యాదగా, స్టెఫాన్ వాల్‌గ్రేన్ గేటు దాటేదాకా చప్పట్లు కొట్టారు.

దీపాలు వెలిగాయి. హాంపుస్ మైకుని రిఫరీకిచ్చి, బెంచీ మీదనుంచి హెల్మెట్ తీసుకుని పెట్టుకున్నాడు.